నాలుగు కంచర గాడిదలు, యాభై పెసోలు

(మచిలీపట్నంలో ఒక పుస్తకాల సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

ఇంత ఎండలో వచ్చి కూర్చున్న అందరికీ నమస్కారం.

నన్ను పిలిచినవాళ్ళు వీరవనితల గురించి ఒక గంట మాట్లాడమన్నారు. రుద్రమదేవి గురించో, ఝాన్సీ లక్ష్మీబాయి గురించో చెబుతానని మీలో చాలామంది అనుకుని ఉంటారు. వాళ్ళ గురించి నాకంటే బాగా చెప్పగలవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. నేను చాలా దూరం నుంచి ఒకామెను తీసుకొచ్చాను. పేరు హువానా అసుర్దుయ్. ఇప్పుడు బొలీవియా అని పిలుస్తున్న దేశంలో పుట్టింది. అప్పుడది స్పెయిన్ రాజు ఏలుబడిలో ఉండేది. తాను పుట్టిన రాజ్యం మీదే కత్తి ఎత్తింది.

దూరం అన్నాను గానీ, బందరులో నిలబడి మాట్లాడుతున్నాను కాబట్టి ఒక సంగతి ముందే చెప్పాలి. డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు ఈ రేవుకు ఎందుకు వచ్చారో మీకు తెలుసు. మన నేతగాళ్ళు నేసిన బట్ట కోసం, మన అద్దకం కోసం వచ్చారు. మరి బదులుగా ఏం ఇచ్చారు? వాళ్ళ సరుకు మనవాళ్ళకు పెద్దగా అక్కర్లేకపోయింది. అందుకని ఓడల్లో వెండి తెచ్చారు. స్పెయిన్ రాజు ముద్ర ఉన్న వెండి నాణేలు ఈ తీరానికి పెట్టెలకొద్దీ వచ్చాయి. ఆ నాణేల్లో చాలా వెండి ఒక్క కొండలోంచి తవ్వింది. ఆ కొండ ఉన్నది ఇప్పటి బొలీవియాలోని పొటొసిలో. సముద్ర మట్టానికి దాదాపు 4,000 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు, దాని నెత్తిన ఎర్రటి కొండ. అక్కడ వెండి ఉందని స్పెయిన్ వాళ్ళకు తెలిసింది 1545లో. మన తాతముత్తాతలు బట్టకు బదులు తీసుకున్న వెండి కోసం ఎవరు చచ్చారో మనకు తెలియకపోతే ఎలా అని నాకు ఎప్పటినుంచో ఉంది. ఈ కథ మొదలుపెట్టడానికి నాకున్న కారణం అదే.

కొండలోంచి వెండి దానంతట అది బయటికి రాదు. 1570లలో తొలేదో అనే వైస్రాయి ఒక ఏర్పాటు చేశాడు. దాన్ని ‘మీతా’ అన్నారు. మన మాటలో చెప్పాలంటే వెట్టి. పదహారు జిల్లాల నుంచి, వయసొచ్చిన ప్రతి ఏడుగురు మగవాళ్ళలో ఒకడు ఏడాదిపాటు గనికి వెళ్ళి పనిచేయాలి. మొదట్లో ఏటా పదమూడు వేల మందికి పైగా వెళ్ళారు. కొందరు వందల కిలోమీటర్లు నడిచి వెళ్ళాలి. పెళ్ళాం బిడ్డలను వెంటబెట్టుకుని, తిండిగింజలు మోసుకుని వెళ్ళేవాళ్ళు. నామమాత్రం కూలీ ఇచ్చేవాళ్ళు, అది తిండికే చాలేది కాదు. నిచ్చెనల మీద రాయి మోస్తూ పైకి రావాలి. ఖనిజం నుంచి వెండి తీయడానికి పాదరసం వాడేవాళ్ళు, దాని విషం వేరే. వెళ్ళేవాళ్ళను ఊరు ఊరంతా ఏడ్చి సాగనంపేదట. వెళ్ళినవాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు. మన నల్లగొండ, వరంగల్ పల్లెల్లో వెట్టి చూసిన ముసలివాళ్ళ మాటలు విన్నవాళ్ళకు దీన్ని వేరే వివరించక్కర్లేదు. కాకపోతే పొటొసి వెట్టి రెండు వందల ఏళ్ళకు పైగా సాగింది.

ఇక రెండో దోపిడీ. ఇది నాకు మరీ అసహ్యంగా అనిపిస్తుంది. జిల్లా మీద కొర్రెహిదోర్ అనే అధికారి ఉంటాడు. పన్ను వసూలు చేసేదీ అతనే, తగువు తీర్చేదీ అతనే. పదిహేడో శతాబ్దం చివరి నుంచి ఆ ఉద్యోగాన్ని రాజు డబ్బుకు అమ్మడం మొదలుపెట్టాడు. అప్పు చేసి పదవి కొనుక్కున్నవాడు ఐదేళ్ళలో ఆ అప్పు తీర్చుకోవాలి, పైన మిగుల్చుకోవాలి. ఎలా? సరుకు తెచ్చి జనం నెత్తిన రుద్దడం. నీకు కావాలా వద్దా అని అడగడు. కంచర గాడిద తీసుకో, బట్ట తీసుకో, ధర నేను చెప్పిందే, కట్టకపోతే జైలు. చదవడం రాని రైతుకు కళ్ళజోళ్ళు, గడ్డం పెరగని మనిషికి మంగలికత్తులు అంటగట్టిన ముచ్చట్లు ఆ దేశంలో చెప్పుకుంటారు. అన్నిటికంటే ఎక్కువగా రుద్దింది మాత్రం కంచర గాడిదలనే. ఈ గాడిదలను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాయి.

1750లలో ఈ రుద్దుడును చట్టబద్ధం చేశారు. 1780 నవంబర్లో, పక్కనే పెరూలో, తూపాక్ అమారు అనే పెద్దమనిషి తిరగబడ్డాడు. ఆయన చేసిన మొదటి పని ఒక కొర్రెహిదోర్‌ను పట్టుకుని ఉరి తీయడం. ఆ మరుసటి ఏడాది మే నెలలో కూస్కో ఊరి నడిబజారులో ఆయన్నీ, ఆయన భార్య మికాయెలా బస్తీదాస్‌నీ చంపారు.

హువానా పుట్టింది ఆ 1780లోనే, జూలై 12న. చుకిసాకా అనే ఊరి ప్రాంతంలో. ఈ రోజు ఆ ఊరిని సుక్రే అంటారు. తండ్రి భూస్వామి. తల్లి మిశ్రమ వంశం, ఆ తల్లి దగ్గరే అక్కడి ఆదివాసుల కెచువా భాష నేర్చుకుంది. ఈ భాష సంగతి చిన్నది కాదు. స్పానిష్ మాత్రమే వచ్చినవాళ్ళకు గనికి వెళ్ళే మనిషి ఒక అంకె. ఈ పిల్లకు ఆ మనిషి మాట తెలుసు, పాట తెలుసు, తిట్టూ తెలుసు. తండ్రి గుర్రపుస్వారీ నేర్పాడు. తల్లిదండ్రులు చిన్నప్పుడే పోయారు. పెంచినవాళ్ళు ఆమెను సన్యాసినుల మఠంలో వేస్తే అక్కడ ఇమడలేక పదిహేడేళ్ళ వయసులో బయటికి వచ్చేసింది. పొరుగు భూముల కుర్రాడు మనుయెల్ అసెన్సియో పదీయాను పెళ్ళాడింది. భూమి ఉంది, ఇల్లుంది, నలుగురు పిల్లలు పుట్టారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. మేడారం కథలో సమ్మక్క ఎందుకు తిరగబడిందంటారు? కరువొచ్చింది, కప్పం కట్టలేమన్నారు, కాకతీయుల సైన్యం మీదికొచ్చింది. అంటే కత్తి పట్టడం తప్ప వాళ్ళకు దారి లేదు. హువానాకు దారి ఉంది. ఆ రాజ్యంలో ఆమె తినడానికి లేనివాళ్ళ వైపు పుట్టలేదు. నోరు మూసుకుని కూర్చుంటే ముసలితనం దాకా పెద్దింటి ఇల్లాలిగా బతికేది. ఆమె మీద నాకు గౌరవం కలిగింది యుద్ధాలు గెలిచినందుకు కాదు. నిజానికి ఆమె వైపు వాళ్ళు గెలిచిన వాటికంటే ఓడినవే ఎక్కువ. పోగొట్టుకోవడానికి ఆమె దగ్గర చాలా ఉంది, పోతుందని తెలిసే దిగింది.

తిరుగుబాటు ఒక్క రోజులో తయారు కాలేదు. స్పెయిన్ రాజును నెపోలియన్ బంధించాడన్న వార్త వచ్చాక 1809 మే 25న చుకిసాకా లేచింది. పాలకుణ్ణి దించేశారు. అప్పుడు వీధుల్లో వినిపించిన నినాదం ఏమిటంటే, ‘రాజుకు జై, చెడ్డ పాలన నశించాలి’ అని. రాజు మంచివాడే, కింది ఉద్యోగులే దొంగలు అని జనం ఇంకా నమ్ముతున్నారు. ఈ నమ్మకం మనకూ పరిచయమే. పై ఆయనకు తెలిస్తే ఇలా జరగనిచ్చేవాడు కాదు అని అర్జీలు పట్టుకు తిరిగినవాళ్ళను నేను నా ఉద్యోగంలో వందల మందిని చూశాను. కొన్నాళ్ళకు ఆ నినాదంలో మొదటి సగం రాలిపోయింది. రాజు తిరిగి గద్దె ఎక్కాడు, అయినా ఏదీ మారలేదు. పదవులు అమ్మింది ఆ గద్దేగా!

తిరుగుబాటులో భర్త ముందు కలిశాడు, తర్వాత ఆమె కలిసింది. 1811 జూన్లో వాకి అనే చోట తిరుగుబాటు సైన్యం చిత్తుగా ఓడింది. రాజు సైన్యాన్ని నడిపిన గొయెనెచె స్పెయిన్ నుంచి వచ్చినవాడు కూడా కాదు, పెరూలోని అరెకిపాలో పుట్టినవాడే. పదీయా భూములు జప్తు చేశారు, పంట, పశువులు పట్టుకుపోయారు. హువానాను, పిల్లలను కాపలాలో పెట్టారు. భర్త వచ్చి విడిపించుకుపోయాడు. ఇక అక్కడినుంచి ఇల్లు లేదు. కొండలు, లోయలు, చిత్తడి అడవులు. లొంగిపోతే డబ్బిస్తాం, పదవిస్తాం అని కబుర్లు వచ్చాయి. ఒప్పుకోలేదు.

పిల్లల గురించి చెప్పాలి. చెప్పకుండా దాటేద్దామని రాసుకునేటప్పుడు అనుకున్నాను. మనుయెల్, మరియానో, హులియానా, మెర్సెదెస్. ఇద్దరు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. శత్రువు వెంటపడుతుంటే దాక్కున్న లోయల్లో జ్వరాలు పట్టుకున్నాయి. మందు లేదు, వైద్యుడు లేడు. నలుగురూ పోయారు. తర్వాత యుద్ధం మధ్యలో లూయిసా అని ఇంకో ఆడపిల్ల పుట్టింది. కడుపుతో ఉండి కూడా ఆమె గుర్రం దిగలేదు. ఆ లూయిసా ఒక్కతే బతికింది. వీరగాథలు చెప్పేవాళ్ళు ఈ భాగాన్ని ఒక్క వాక్యంలో చెప్పి మళ్ళీ గుర్రాల దగ్గరికి వెళ్ళిపోతారు. నాకు అలా చేతకావడం లేదు. తర్వాత ఆమె చేసినదంతా ఈ నలుగురిని మట్టిలో పెట్టిన మనిషి చేసింది. ఆ తర్వాత ఇంకా ఏళ్ళ తరబడి యుద్ధం ఉంది.

(సభలో ఒకరు: ఆమె దగ్గర సైన్యం ఎంతుండేదండీ?)

మంచి ప్రశ్న. సైన్యం అంటే మనం ఊహించుకునే వరుసలు, యూనిఫాములు కావు. ఆమె ఒక దళం తయారు చేసింది, దాని పేరు ‘లెయాలెస్’, అంటే నమ్మినబంట్లు. ఎక్కువమంది కెచువా మాట్లాడే రైతులు. చేతిలో ఏముంది? ఈటె, దుడ్డుకర్ర, వడిసెల. మన చేలల్లో పిట్టలను తోలే వడిసెలే. తుపాకులకు ఎదురుగా వడిసెలతో నిలబడ్డారు. ఆమెతో పాటు గుర్రాల మీద పోరాడిన ఆడవాళ్ళ దళం కూడా ఉండేది. 1813లో, స్పెయిన్ మీద తానూ తిరగబడిన బ్యూనస్ ఏర్స్ నుంచి జనరల్ బెల్గ్రానో సైన్యంతో వచ్చాడు. అక్టోబర్ 1న విల్కపూహియోలో, నవంబర్ 14న అయోహుమాలో ఓడిపోయాడు. ఓడిన సైన్యాధిపతి ఇంకొకళ్ళ ధైర్యాన్ని ఒప్పుకోవడం అరుదు. బెల్గ్రానో ఒప్పుకున్నాడు. తన కత్తిని ఆమెకు కానుకగా ఇచ్చాడు. చదువుకున్న లాయరు, జనరల్, తన కత్తి తీసి ఒక ఆడమనిషి చేతిలో పెట్టాడు. ఆ కాలానికి అది మామూలు సంగతి కాదు.

1816 ఆరంభంలో విల్యార్ దగ్గర ఆమె కొద్దిమంది రౌతులతో మీదపడి శత్రువుల జెండా లాక్కొచ్చింది. బెల్గ్రానో సిఫారసు చేశాడు. ఆ ఏడాది ఆగస్టు 13న బ్యూనస్ ఏర్స్ ప్రభుత్వం ఆమెకు లెఫ్టినెంట్ కర్నల్ హోదా ఇచ్చింది. అది బిరుదు కాదు, సైన్యంలో నిజమైన హోదా.

ఆ ఉత్తర్వు ఇచ్చింది పుయిరెదొన్. ఇతని గురించి కొంచెం చెప్పాలి. ఎందుకంటే ఆమె పోరాడింది ఒక్క స్పెయిన్ రాజు అవినీతితోనే అనుకుంటే కథ సగమే తెలిసినట్టు. ఐదేళ్ళ ముందు, 1811 ఆగస్టులో, ఓటమి తర్వాత పొటొసి వదిలిపోతూ టంకశాలలో ఉన్న వెండి బంగారాలను కంచర గాడిదల మీద వేసుకుని దక్షిణానికి తరలించుకుపోయింది ఇదే పుయిరెదొన్. శత్రువు చేతికి చిక్కకూడదనే తీసుకెళ్ళాడు, సైన్యానికే ఖర్చుపెట్టాడు, ఆ వాదన ఉంది. కానీ పొటొసి జనం దగ్గర నిలబడి చూడండి. రెండున్నర శతాబ్దాలు రాజు గాడిదలు వెండి మోసుకుపోయాయి, ఇప్పుడు విముక్తి చేస్తామన్నవాళ్ళ గాడిదలు మోసుకుపోతున్నాయి. ఊళ్ళకు ఊళ్ళే బ్యూనస్ ఏర్స్ సైన్యం మీద విరక్తి పెంచుకున్నాయి. 1815 చివర్లో ఇంకో జనరల్, రొండో, ఓడిపోయి వెనక్కి పోతూ మీరు అక్కడే ఉండి శత్రువును అడ్డుకోండి అని పదీయాకు రాశాడు. పదీయా జవాబు ఇప్పటికీ ఉంది. మీరు మమ్మల్ని ఎలా చూశారు, మా ఊళ్ళలో ఏం చేశారు అని ఎక్కడికక్కడ కడిగేశాడు. కడిగేసి, అయినా పోరాడతాం, ఇది మా నేల అన్నాడు. ఆ మొగుడూ పెళ్ళాల నీతి నాకు ఆ ఉత్తరంలో కనబడుతుంది. మనవాళ్ళు కదా అని తప్పు కప్పిపుచ్చలేదు. తప్పు ఉంది కదా అని రాజు పక్కకు పోనూ లేదు.

హోదా వచ్చిన నెలకే, 1816 సెప్టెంబర్ 14న, యుద్ధంలో ఆమె గాయపడింది. ఆమెను కాపాడబోయి పదీయా చనిపోయాడు. తల నరికి లగూనా ఊళ్ళో కొయ్యకు గుచ్చి నిలబెట్టారు. తర్వాత ఆమె మనుషులను కూడగట్టుకుని ఊరి మీద పడి ఆ తలను తెచ్చుకుని అంత్యక్రియలు జరిపించిందని చెబుతారు. ఈ రోజు ఆ ఊరి పేరే పదీయా.

అక్కడినుంచి ఆమె దక్షిణంగా, ఇప్పటి అర్జెంటీనాలోని సాల్తాకు వెళ్ళి గ్వేమెస్ అనే నాయకుడి కింద పోరాడింది. గుర్రాల రైతులతో రాజు సైన్యాలను ఏళ్ళ తరబడి నిలువరించినవాడు గ్వేమెస్. 1821 జూన్లో అతనూ గాయంతో పోయాడు. ఆ కొండ ప్రాంతాల్లో దళాలు నడిపిన నాయకులు నూటరెండు మంది అనీ, చివరికి ప్రాణాలతో మిగిలింది తొమ్మిది మందే అనీ అర్జెంటీనా చరిత్రకారులు లెక్క చెబుతారు. ఆ కొద్దిమందిలో ఈమె ఒకతె. చేతిలో చిన్నపిల్ల, పైసా లేదు, పరాయి ఊరు.

1825లో ఆమె సొంత నేలకు స్వాతంత్ర్యం వచ్చింది. ఆగస్టు 6న, చుకిసాకాలోనే ప్రకటించారు. ఆమె ఆ సభలో లేదు. సాల్తాలో ఉంది, ఇంటికి వెళ్ళడానికి దారిఖర్చుల్లేక. అక్కడి ప్రభుత్వానికి అర్జీ పెట్టుకుంది. నేను ఫలానా, దేశం కోసం అంతా పోగొట్టుకున్నాను, ఇంటికి చేరే దారి చూపించండి అని. లెఫ్టినెంట్ కర్నల్‌కు ప్రభుత్వం ఇచ్చింది నాలుగు కంచర గాడిదలు, యాభై పెసోలు.

అవి తోలుకుని ఆమె ఊరికి వచ్చింది. ఆ నవంబర్లో, స్పెయిన్ మీద పోరు నడిపిన సీమోన్ బొలీవార్ చుకిసాకా వచ్చి ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు, తన సేనాని సుక్రేను వెంటబెట్టుకుని. ఈ దేశానికి నా పేరు పెట్టడం తగదు, పదీయా పేరో అసుర్దుయ్ పేరో పెట్టాల్సింది అన్నాడని చెబుతారు. కర్నల్ హోదా ఇచ్చాడు. నెలకు అరవై పెసోల పింఛను రాశాడు, సుక్రే దాన్ని వంద చేశాడు. బొలీవార్ గుమ్మంలోకి వచ్చినప్పుడు ఆ ఇంట్లో ఏం పెట్టి ఉంటారా అని నేను చాలాసార్లు అనుకున్నాను. మన ఇళ్ళల్లో అయితే అరువు తెచ్చయినా పెడతాం కదా.

ఇక్కడే ఆపేస్తే కథ బాగుంటుంది. ఆపకూడదు.

స్వాతంత్ర్యంతో పాటు బొలీవార్ ఆ జనం తలపన్ను రద్దు చేశాడు. ఆదివాసీ అయి పుట్టినందుకు మగవాడు కట్టాల్సిన పన్ను అది. మరుసటి ఏడాదే, 1826లో, ఖజానా ఖాళీగా ఉందని కొత్త ప్రభుత్వం దాన్ని మళ్ళీ పెట్టింది. పేరు కొంచెం మార్చారు, కట్టేవాళ్ళు మాత్రం వాళ్ళే. తర్వాత దశాబ్దాల పాటు బొలీవియా ఆదాయంలో పెద్ద భాగం ఆ పన్నే. వడిసెలలు పట్టుకుని ఆమె వెనక నడిచినవాళ్ళు, చచ్చిపోగా మిగిలినవాళ్ళు, వాళ్ళ పిల్లలు కట్టిన పన్ను. ఇది రాసుకునేటప్పుడు నా చెయ్యి ఆగిపోయింది. రాజును వెళ్ళగొట్టి ఒక్క ఏడాది అయింది, అంతే.

ఆమె భూముల సంగతీ అంతే. జప్తయిన ఆస్తి కోసం కచేరీల చుట్టూ తిరిగింది. పింఛను సరిగా చేతికి అందలేదు, 1857లో పూర్తిగా ఆపేశారు. కూతురు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. చివరి రోజుల్లో ఒక గది, ఆమె దగ్గర పెరుగుతున్న ఒక కుర్రాడు. మీలో స్వాతంత్ర్య సమరయోధుల పింఛను కోసం కాగితాలు పట్టుకుని తిరిగిన తాతలు ఉన్నవాళ్ళు ఉంటారు. జైల్లో ఉన్నట్టు సర్టిఫికెట్ తెమ్మని అడిగితే ఆ ముసలాయన మొహం ఎలా ఉంటుందో నేను దగ్గర నుంచి చూశాను. అందుకే ఈ భాగం నాకు పరాయి దేశం కథలా అనిపించదు.

1862లో పోయింది. ఎనభై ఒక్క ఏళ్ళు. పోయిన రోజు మే 25. అంటే చుకిసాకా లేచిన రోజు, ఆమె జీవితాన్ని తిప్పేసిన రోజు, అప్పటికి ఆ ఊళ్ళో పెద్ద పండగ. సైనిక లాంఛనాలు జరిపించమని ఆ కుర్రాడు అధికారుల దగ్గరికి పరిగెత్తితే, ఉత్సవాల హడావుడిలో ఉన్నాం, కుదరదని పంపేశారట. పేదల ఉమ్మడి గోతిలో పూడ్చారు. ఏ తిరుగుబాటు పండగ జరుగుతోందో, అది చేసిన మనిషి శవం పక్క వీధిలో ఉంది.

నూరేళ్ళు గడిచాక ఎముకలు వెతికి తీశారు. చుకిసాకా రాష్ట్రంలో ఒక జిల్లాకు అసుర్దుయ్ అని ఆమె పేరుంది. 2009లో అర్జెంటీనా ఆమెను జనరల్ చేసింది. 2015లో బ్యూనస్ ఏర్స్‌లో, అధ్యక్షుడి భవనం వెనక కొలంబస్ విగ్రహం ఉన్న చోట, దాన్ని తీసి ఆమె కంచు విగ్రహం నిలబెట్టారు. బొలీవియా డబ్బిచ్చింది. ఒక చేతిలో ఎత్తిన కత్తి, వీపుకు కట్టుకున్న పిల్ల. రెండేళ్ళకు దాన్ని అక్కడినుంచి ఇంకో చోటికి జరిపారు.

విగ్రహం ఫోటోలు మీరు ఫోన్లో చూసుకోవచ్చు. నాకు అంతకంటే ఇంకొకటి ముఖ్యం. 2009లోనే బొలీవియా ప్రభుత్వం బీమా లేని గర్భిణులకు, పసిబిడ్డలకు ఒక సాయం మొదలుపెట్టింది. కడుపుతో ఉన్నప్పుడు నాలుగుసార్లు ఆసుపత్రికి వచ్చి పరీక్ష చేయించుకుంటే కొంత, కాన్పు అక్కడే అయితే కొంత, ఆ తర్వాత బిడ్డకు రెండేళ్ళు నిండేదాకా రెండు నెలలకోసారి తెచ్చి చూపిస్తే ప్రతిసారీ కొంత. మొత్తం 1,820 బొలీవియానోలు, తల్లి చేతికి. ఆ డబ్బు తీసుకునేటప్పుడు తల్లులు దాన్ని పిలిచే పేరు ‘బోనో హువానా అసుర్దుయ్’. లోయల్లో జ్వరం వచ్చి, చూపించడానికి వైద్యుడు లేక నలుగురు బిడ్డలను పోగొట్టుకున్న హువానా పేరు.